తెలియక చేసిన తప్పు

ఇక్ష్వాకుని కుమారుడైన నృగ మహారాజు లెక్కకు మించిన గోవులను దానం చేసినాడు. ఒక విప్రునికి ధారపోసిన ఆవు ఒకటి దారి తప్పి, తిరిగి రాజుగారి మందలోనే వచ్చి కలిసినది. రాజు ఎరుగడు. ఆ ఆవునే మరియొక విప్రునికి దానమిచ్చినాడు. మొదటివాడు దారిలో తన ఆవును గుర్తుపట్టినాడు. ఇద్దరూ వాదులాడుకొంటూ రాజు వద్దకు వచ్చినారు. ఈ ఒక్క ఆవుకు బదులుగా లక్ష ఆవుల నిస్తానని రాజు ప్రాధేయపడినా ఇద్దరిలో ఎవ్వరూ అంగీకరించలేదు. దానమిచ్చిన దానిని మరల స్వీకరించినట్లవుతుందని ఒకడు, నాకిచ్చినది నాకే కావలెనని మరియొకడు వెడలిపోయినారు. కాలం తీరి రాజు యముని ఎదుట నిలువగా, పుణ్యఫలం ముందా, పాపఫలం ముందా అని యముడు అడిగినాడు. పాపమే ముందు అన్నాడు నృగుడు. ఆ మాటతో ఊసరవెల్లియై పాడునూతిలో పడినాడు. ద్వాపరంలో శ్రీకృష్ణుని కరస్పర్శ కలిగేదాకా అక్కడే ఉన్నాడు.

భాగవతం దశమస్కంధపు ఉత్తర భాగంలోని కథ ఇది. దానిని తెనుగు చేసిన పోతన ఊరు జనగామ జిల్లాలోని బమ్మెర. ఒంటిమిట్ట వారు ఒప్పుకొనరు. ఆ వివాదం ఇక్కడ అప్రస్తుతం. ఈ కథ చదివిన ప్రతి విద్యార్థీ ఉపాధ్యాయుని ఒక ప్రశ్న అడుగుతాడు, అడుగకపోతే ఆ పాఠం సరిగా సాగలేదనే అనుకోవాలి: రాజుకు తెలియదు కదా, శిక్ష ఎందుకు?

ఇదే నృగుని కథ రామాయణం ఉత్తరకాండలో మరొక విధంగా ఉన్నది. అక్కడ శ్రీరాముడు లక్ష్మణునికి దీనిని చెప్పుతాడు. ఆవు విషయమై తగవు పడిన ఇద్దరు విప్రులు న్యాయం కోరి రాజద్వారం వద్ద దినాల తరబడి నిలిచినారు. రాజు దర్శనమీయలేదు. విసిగి శపించినారు. ఆవు మారిపోవటంలో అజ్ఞానమే ఉన్నది. గుమ్మం ముందు నిలిచిన మనుష్యుని సంగతి తెలుసుకొనకపోవటంలో ఉన్నది మాత్రం అజ్ఞానం కాదు, అశ్రద్ధ. ఒకే కథకు రెండు పురాణ రూపాలు కలిగి, ఒకటి తెలియనితనాన్నీ మరొకటి తెలుసుకొననితనాన్నీ చూపటం ఆలోచింపదగిన విషయం. ఈ రెంటికీ నడుమ గీత ఎక్కడ గీయాలి? క్రైస్తవ ధర్మచింతన ఈ గీత కోసమే వందల సంవత్సరాలు వాదించినది.

క్రైస్తవుల వేదగ్రంథంలోని పాత నిబంధన భాగంలో లేవీయకాండము నాలుగవ అధ్యాయమంతా పొరబాటున చేసిన పాపాలను గురించినదే. హెబ్రీ మూలంలో ఈ పొరబాటుకు వాడిన మాట ‘షెగాగా’. దారి తప్పి తిరుగుట అనే భావంలో నుండి పుట్టిన మాట అది. నృగుని ఆవు చేసినది కూడా అదే కదా! గ్రీకు మూలమైన కొత్త నిబంధనలో పాపానికి వాడిన ‘హమార్తియా’ అనే పదానికి మొదటి అర్థం గురి తప్పటం. పాపమనగానే మన మనస్సులో చెడు తలంపు మెదలుతుంది. ఈ రెండు మాటలలో మాత్రం తలంపు కంటె తప్పిన అడుగు, తప్పిన బాణం ముందు కనబడతాయి.

ఆ అధ్యాయం విధించిన పరిహారబలులలో ఒక తారతమ్యం ఉన్నది. అభిషిక్తుడైన యాజకుడు పొరబాటు చేస్తే కోడెను అర్పించాలి. సమాజమంతా కలిసి పొరబాటు చేసినా కోడెనే. అధికారి అయితే మేకపోతు, సామాన్యుడైతే ఆడమేక గాని ఆడ గొఱ్ఱెపిల్ల గాని. తరువాతి అధ్యాయంలో చెప్పిన కొన్ని తప్పులకు, బీదవాడు రెండు గువ్వలు తెచ్చినా చాలు. అవీ లేనివాడు కొంచెం పిండి తెచ్చినా చాలు. తప్పు ఒకటే అయినా, ఎక్కువ తెలిసి ఉండవలసిన వాని పొరబాటు ఎక్కువ బరువైనది. యాజకుని తప్పును సమాజమంతటి తప్పుతో సమానంగా తూచటం ఊరక జరిగినది కాదు. అతని వలన జనమంతా దోషంలో పడవచ్చునని ఆ ధర్మశాస్త్రం భయపడినది. కొత్త నిబంధనలో యాకోబు వ్రాసిన పత్రికలో, బోధకులు కాగోరేవారు అనేకులు కావద్దని, బోధించేవారికి తీర్పు కఠినంగా ఉంటుందని హెచ్చరిక ఉన్నది. బడిపంతుళ్ళు దీనిని తమకు చెప్పినదిగానే తీసుకొనవచ్చు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. ఈ బలి ఎప్పుడు ఇయ్యాలి? తప్పు జరిగిన రోజున కాదు, ఆ తప్పు ఇట్టిదని అతనికి తెలియవచ్చిన రోజున. అంతవరకు దోషం ఉన్నది గాని, దానిని తీర్చుమని ఎవరూ అడుగరు. తెలిసిన మరుక్షణం నుండి ‘నాకు తెలియదు’ అనే మాట చెల్లదు. అప్పు తండ్రి చేసినదే కావచ్చు. పత్రం చేతికి వచ్చిన తరువాత కొడుకు మాట్లాడే తీరు మారవలసిందే.

వాల్మీకి కూడా ఈ మాటే చెప్పినాడు. యౌవనంలో దశరథుడు శబ్దవేధి విద్య మీది మోజుతో చీకటిలో బాణం వేసినాడు. ఏనుగు నీరు త్రాగుతున్నదనుకొన్నాడు. కుండలో నీరు నింపుకొంటున్న ముని కుమారుడు నేలకొరిగినాడు. మన పిల్లలు శ్రవణకుమారుడని పిలుచుకొనే ఆ బాలుడు ప్రాణం విడిచిన తరువాత దశరథునికి రెండు దారులున్నవి. చూచినవారెవరూ లేరు, వెళ్ళిపోవచ్చు. ఆయన మాత్రం ఆ కుండను నీటితో నింపుకొని అంధులైన తలిదండ్రుల వద్దకు వెళ్ళి, జరిగినది తానే చెప్పినాడు. అప్పుడు వృద్ధముని పలికిన మాటల సారాంశమిది: ఈ పాపాన్ని నీ అంతట నీవు వచ్చి చెప్పకపోయినట్లయితే నీ తల వ్రక్కలయ్యేది, తెలియక చేసినావు కనుక బ్రతికినావు, తెలిసి చేసి ఉంటే నీ వంశమే ఉండేది కాదు. అంతటితో విడిచినాడా? లేదు. నీవూ పుత్రశోకంతో మరణిస్తావని శపించినాడు. తెలియనితనం శిక్షను తగ్గించినది, తుడిచివేయలేదు. చనిపోయిన బాలుడు తిరిగి రాడు కదా.

పాత నిబంధనలో దీనికి సరితూగే చట్టం ఒకటి ఉన్నది. ఒకడు పొరుగువానితో కలిసి అడవికి కట్టెలు కొట్టబోయినాడు. చెట్టు మీద గొడ్డలి విసరగా ఇనుము పిడినుండి ఊడి పోయి పొరుగువానికి తగిలినది, అతడు చనిపోయినాడు. ద్వితీయోపదేశకాండము పంతొమ్మిదవ అధ్యాయం ఇచ్చిన ఉదాహరణ ఇది. భూపాలపల్లి అడవుల అంచున కట్టెలు కొట్టి బ్రతికినవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. ఇద్దరి నడుమ పగ లేదు. అయినా చనిపోయినవాని బంధువు రక్తం ఉడికి తరుముతాడు. అందుకని యొర్దాను నదికి ఇటు మూడు, అటు మూడు, మొత్తం ఆరు ఆశ్రయపురాలను ఏర్పరచినారు: కెదెషు, షెకెము, హెబ్రోను ఒక వైపు, బేసెరు, రామోతు, గోలాను మరొక వైపు. పరుగెత్తి ఆ పురం చేరినవానిని సమాజం విచారిస్తుంది. పగతో చంపినవాడైతే అప్పగిస్తుంది. పొరబాటున చంపినవాడైతే కాపాడుతుంది. కాని అతడు వెంటనే ఇంటికి పోవటానికి వీలు లేదు. ఆ కాలపు ప్రధానయాజకుడు మరణించేదాకా ఆ పురంలోనే ఉండాలి. ముందుగా పొలిమేర దాటితే అతని ప్రాణానికి ఎవరూ పూచీ కాదు.

ఈ చట్టంలోని సున్నితత్వం మెచ్చదగినది. గొడ్డలి ఊడినవాడు హంతకుడు కాడని అది నిక్కచ్చిగా చెప్పుతున్నది. ఏమీ జరుగనట్లు మరునాడు ఊరిలో తిరగటానికి మాత్రం ఒప్పుకొనదు. చనిపోయినవాని ఇల్లాలి కన్ను అతని మీద పడకుండా ఉండవలసిన కాలం ఒకటి ఉన్నదని అది గుర్తించినది. ఒక నిర్దోషి ఇన్నేండ్లు పరవాసంలో ఉండటం న్యాయమా అని అడుగవచ్చు. అది శిక్ష కాదు, శోకానికి చూపిన మర్యాద అని జవాబు చెప్పవచ్చు. ప్రధానయాజకుని మరణంతో విడుదల రావటంలో క్రైస్తవులు తమ క్రీస్తు మరణానికి సూచన చూచినారు. అది వారి విశ్వాసం.

బాల్యంలో చేసిన తప్పుల మాట వేరు. మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడు కొరత వేయబడి, తన నేరమేమని యముని నిలదీస్తాడు. చిన్నతనంలో పురుగులను పుల్లతో గ్రుచ్చినావని యముడంటాడు. పదునాలుగేండ్ల లోపు చేసినది పాపం కాకుండుగాక అని మాండవ్యుడు కొత్త మర్యాద విధించి, ఇంత చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్ష వేసిన యమునే శపించినాడు. యముడు విదురుడై పుట్టినాడు. తీర్పరికి తీర్పు చెప్పిన కథ ఇది. క్రైస్తవ సంఘాలలోనూ మంచి చెడ్డలు ఎరిగే వయస్సు అనే భావన ఉన్నది. నేటి మన శిక్షాస్మృతి ఏడేండ్ల లోపు బాలుని చర్యను నేరంగా ఎంచదు. ఏడు మొదలు పన్నెండు లోపు వానికి తెలివి ఎంత పండినదో చూడుమంటుంది.

క్రైస్తవ పండితులలో ఈ వాదాన్ని చివరిదాకా లాగినవాడు పన్నెండవ శతాబ్దపు ఫ్రెంచి తాత్త్వికుడు పీటర్ అబెలార్డు. పాపం చేతిలో లేదు, మనస్సు ఇచ్చిన సమ్మతిలో ఉన్నదని ఆయన సిద్ధాంతం. ఆ తర్కాన్ని అనుసరించి, క్రీస్తును సిలువ వేసినవారు తాము ధర్మమే చేస్తున్నామని నమ్మినట్లయితే వారికి పాపం అంటదనేదాకా వెళ్ళినాడు. 1141 ప్రాంతంలో సాన్స్ నగరంలో కూడిన మతసభ ఆయన వాదాలను ఖండించినది. ఆ సభ తీరు న్యాయమైనదా కాదా అన్నది వేరే చర్చ. ఈ ఒక్క విషయంలో ఆయనకు చిక్కు తెచ్చినది సువార్తలోని ఒక ప్రార్థన. సిలువ మీద నుండి క్రీస్తు, తాము చేయునది ఎరుగని ఆ మనుష్యులను క్షమింపుమని తండ్రిని వేడినట్లు లూకా వ్రాసినాడు. ఎరుగనివారికి పాపమే లేకపోతే క్షమాపణ ఎందుకు వేడాలి? వేడినాడు కనుక దోషం ఉన్నది. ఎరుగరు అనే మాటనే కారణంగా చూపినాడు కనుక ఆ దోషం క్షమింపదగినది. రెండు తీగలూ ఆ ఒక్క ప్రార్థనలో పెనవేసుకొని ఉన్నవి.

తరువాతి శతాబ్దంలో తామస్ అక్వినాసు దీనికి చక్కని విభజన చేసినాడు. ఎంత ప్రయత్నించినా తొలగించుకొనరాని అజ్ఞానం ఒకటి; దానికి దోషం లేదు. ప్రయత్నిస్తే తొలగేదై, ప్రయత్నించనందున మిగిలిన అజ్ఞానం ఒకటి. అక్కడ దోషం అజ్ఞానానిది కాదు, అశ్రద్ధది. తెలిస్తే ఆ పని మానుకోవలసి వస్తుందని కోరి తెలుసుకొనకుండా ఉండటం మరొకటి. అది పాపాన్ని తగ్గించదు సరికదా పెంచుతుంది. మూడవ రకం మనుష్యులు ఏ మతంలోనూ తక్కువగా లేరు. నృగుని రెండు కథలకు ఈ విభజన ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. మందలో కలిసిన ఆవు మొదటి రకం, మూసిన రాజద్వారం రెండవది. పద్దెనిమిదవ శతాబ్దంలో జాన్ వెస్లీ, తెలిసిన ధర్మాన్ని ఇచ్ఛతో మీరటమే సరియైన అర్థంలో పాపమన్నాడు. తెలియక చేసిన అతిక్రమణకు కూడా క్రీస్తు ప్రాయశ్చిత్తం అవసరమేనని వెంటనే చేర్చినాడు.

అయితే, సువార్త వినకుండానే కాలం చేసిన పూర్వుల మాట ఏమిటి? కొత్తగా క్రైస్తవులైన కుటుంబాలలో ఈ ప్రశ్న పుట్టటం సహజం. తాత ముత్తాతల మీది మమకారం మతంతో మారేది కాదు. పౌలు ఏథెన్సులో చేసిన ప్రసంగంలో, ఆ తెలియని కాలాలను దేవుడు చూచీ చూడనట్లు విడిచినాడని అన్నాడు. ధర్మశాస్త్రం లేనివారికి తమ మనస్సాక్షియే ధర్మశాస్త్రమని రోమీయులకు వ్రాసినాడు. యజమానుని చిత్తమెరిగి చేయని దాసునికి ఎక్కువ దెబ్బలు, ఎరుగక చేసినవానికి కొద్ది దెబ్బలు అని క్రీస్తు చెప్పిన ఉపమానం లూకా సువార్తలో ఉన్నది. కొద్ది దెబ్బలే గాని, అసలే లేవని కాదు.

ఇంతవరకు గ్రంథాలలోని ధర్మమీమాంస. ఇది మనుష్యుల నడుమ పరీక్షకు వచ్చిన చోటు ఒకటి బమ్మెరకు దూరమేమీ కాదు. జనగామలో రైలెక్కి కాజీపేట, మహబూబాబాదు దాటి పోతే దోర్నకల్ జంక్షను వస్తుంది. జనగామ, మహబూబాబాదు జిల్లాలు 2016లో ఏర్పడేదాకా ఇదంతా వరంగల్లు జిల్లాయే. దోర్నకల్‌లో ఎపిఫనీ కెథీడ్రల్ అనే దేవాలయం ఉన్నది. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైనది. హిందూ ఆలయ స్తంభాల తీరూ, మహమ్మదీయ కట్టడాల గుమ్మటాల తీరూ కలిపి కట్టించినవాడు బిషప్ అజరయ్య. తిరునల్వేలి సీమలో 1874లో పుట్టిన తమిళుడు. తెలుగు నేర్చుకొని, నిజాం రాజ్యంలోని ఈ మారుమూలకు వచ్చి, ఎక్కువగా మాల మాదిగ కుటుంబాల నడుమ పనిచేసినాడు.

1910 జూన్‌లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. పన్నెండు వందల మంది ప్రతినిధులు. ఆసియా ఖండం వారు వ్రేళ్ళ మీద లెక్కింపదగినంత మంది. అక్కడ అజరయ్య లేచి, విదేశీ మిషనరీలకూ భారతీయ సేవకులకూ నడుమ ఉన్న సంబంధాన్ని గురించి మాట్లాడినాడు. మీరు మీ ఆస్తులను బీదలకిచ్చినారు, దేహాలను అర్పించినారు, ఆ త్యాగాన్ని రాబోయే తరాలు కూడా కొనియాడుతవి. మేము అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇయ్యండి. ఆయన ఉపన్యాసపు తాత్పర్యం ఇది. సభలో కలవరం పుట్టినది. కొందరికి నొప్పి కలిగినది.

ఆ నొప్పిని అర్థం చేసుకొనవచ్చు. ఎదుట కూర్చున్నవారు దుర్మార్గులు కారు. ఇల్లూ వాకిలీ విడిచి, జ్వరాలకు బిడ్డలను పోగొట్టుకొని పనిచేసినవారు అందులో ఉన్నారు. జీతం ఇచ్చే చేతికీ పుచ్చుకొనే చేతికీ నడుమ గోడ ఒకటి పెరిగినదని, ఒకే బల్ల దగ్గర కూర్చొని భోజనం చేయకపోవటం ఎదుటివానిని ఎంత కోస్తుందోనని వారిలో అనేకులకు తోచలేదు. ఇది అచ్చమైన ‘షెగాగా’. ఆ సాయంత్రం దాకా అది అజ్ఞానం. అజరయ్య కూర్చున్న క్షణం నుండి అజ్ఞానం కాదు. లేవీయకాండం చెప్పిన, తప్పు తెలియవచ్చే ఘడియ అదే.

రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో అజరయ్యకు బిషప్పుగా అభిషేకం జరిగినది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తరువాత ఆంగ్లేయ మిషనరీలు ఆయన అధికారం క్రింద పనిచేసినారు. అందరి మనస్సులూ మారినవని ఎవ్వరూ అనరు.

ఈ కథను తెల్లవారి తప్పుగా చదివి ఊరకుంటే సులువే. కాని ఈ నేల మీద ప్రతి ఊరిలోనూ రెండు బావులుండేవి. ఊరి బావి ఒకటి, వాడ బావి ఒకటి. ఆ ఊరిలో పుట్టి పెరిగిన సాధువైన గృహస్థు, దానధర్మాలు చేసేవాడు, ఏనాడూ ఒకరి మీద చేయి ఎత్తనివాడు, రెండు బావులుండటం తప్పని ఎరుగడు. సూర్యుడు తూర్పున ఉదయించినంత సహజంగా ఉండెను అది. అతనికి దోషమున్నదా? దాహంతో ఎదురుచూచి, ఎవరైనా పోస్తే గాని త్రాగలేని తల్లి వైపు నుండి చూస్తే, అతనికి తెలిసినా తెలియకపోయినా ఆమె గొంతు ఎండుట ఒకటే. అతని వైపు నుండి చూస్తే, చెప్పినవారు లేరు అనవచ్చు. చెప్పినవారు లేకపోవటం కూడా పూర్తిగా నిజం కాదు. గుమ్మం ముందు ఆమె నిలిచియే ఉన్నది. క్రైస్తవ సంఘంలో చేరిన తరువాత కూడా మాల మాదిగల నడుమ పంక్తిభేదం వెంటనే పోలేదు. తాము పడిన గాయాన్నే మరొకరికి చేస్తున్నామని తోచకపోవటం మనుష్య స్వభావంలో ఉన్న విచిత్రం. 1950లో రాజ్యాంగం పదిహేడవ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. 1955లో దానికి శిక్షాచట్టం వచ్చినది. అప్పటి నుండి ఎరుగము అనే మాటకు దేశమంతటా గడువు తీరినది.

దోర్నకల్ అధ్యక్ష మండలం 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడేదాకా ఆంగ్లికన్ సంఘంలోనిది. ఆ సంఘపు ప్రార్థన గ్రంథంలో పాపాల ఒప్పుకోలు ఒకటి ఉన్నది. అందులో చేయరానివి చేసినాము అనే భావం కంటె ముందు, చేయవలసినవి చేయక విడిచినాము అనే భావం వస్తుంది. అందులోని లితానీ అనే మరొక ప్రార్థన మూడు విషయాలకు క్షమాపణ కోరుతుంది. మొదటిది పాపం, రెండవది అశ్రద్ధ, మూడవది అజ్ఞానం. దేవాలయంలో ఈ ప్రార్థనను గురువు, యజమాని, పాలేరు, అందరూ కలిసే చెప్పుతారు. ఎవరి అజ్ఞానం ఏదో ప్రార్థన పేర్కొనదు. పేర్కొనటానికి వీలూ లేదు, తెలిస్తే అది అజ్ఞానం కాదు కదా.

భూపాలపల్లి జిల్లాలో, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, కాళేశ్వర క్షేత్రంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నవి. ఒకటి కాలుడైన యమునిది, రెండవది ముక్తేశ్వరునిది. ముక్తేశ్వరుడు అడిగినవారికల్లా ముక్తినిస్తూ ఉండగా తనకు పని లేకపోయినదని యముడు మొరపెట్టుకొన్నాడనీ, అప్పుడు శివుడు యమునికి తన ప్రక్కనే చోటిచ్చినాడనీ స్థలపురాణం. అక్కడికి వచ్చిన భక్తులు ముందుగా కాలేశ్వరునికి పూజ చేసి, ఆ తరువాతనే ముక్తేశ్వరుని వైపు తిరుగుతారు.